పై పొర తొలగించబడింది

ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు మా బావ మూడు ఖాళీ చాయ్ గ్లాసులు తీసుకొని షెడ్డు బయటికి వెళ్లాడు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. కొలిమి వెలిగినంతసేపు ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి వేడిని రిజిస్టర్‌లో రాయడం నా పని. పదకొండు ఐదు అని రాసిన చోట అంకె లేదు. పెన్ను ఆగిన చుక్క ఒకటి ఉంది.

ఆ గ్లాసులు తీయడం ఆయన పని కాదు. ఆయన పని ఏమిటో, అది నేను ఎవరికి ఏమని చెప్పానో రాయడానికే కూర్చున్నాను. ఆయన ఇప్పుడు లేడు. దుఃఖం గురించి మంచి పుస్తకాలు చాలా చదివాను. వాటిలోని పోలికలేవీ నాకు అక్కరకు రాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. బావ అంటే మా అక్క భర్త. వాళ్లది మా జిల్లాలోనే ఉన్న ఇబ్రహీంపట్నం వైపు ఊరు. పిల్ల చదువు కోసం అక్క కోరుట్లకు వచ్చి రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుంది. బావ పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో ఉన్నాడు. కరిగించిన జింకులో ఇనుప సామాను ముంచి తుప్పు పట్టకుండా చేసే కంపెనీలో ఆయన పని. ఊళ్లో ఎవరడిగినా "కంపెనీల పని" అనే చెప్పేవాడు. అక్కకు కూడా అంతకుమించి తెలియదు. ఆయన పంపిన ఫోటోలన్నీ సెలవు రోజున రోడ్డు పక్కన నిలబడి తీయించుకున్నవే. చివరిసారి వైద్య పరీక్షలో ఊపిరితిత్తులు బాగా లేవని తేలి, వీసా మళ్లీ ఇవ్వలేదు. తిరిగి వచ్చాక ఇంట్లో ఊరికే ఉండలేక, రోజూ బస్టాండు దాకా నడిచి పేపరు చదివి వచ్చేవాడు. వాళ్ల బిడ్డ మా కాలేజీలోనే బీఎస్సీ చదివేది.

ఇక నా పని. ఊరి బయట పాల కవర్లు, విత్తనాల సంచులు కుప్ప పోసి తగలబెడతారు, అందరం చూస్తూనే ఉంటాం. అదే ప్లాస్టిక్‌ను గాలి తగలకుండా బాగా వేడి చేస్తే పొడవాటి అణువులు తెగి నూనె, గ్యాసు వస్తాయి. ఇది కొత్త సంగతి కాదు. తెగడం తేలిక చేయడానికి ఉత్ప్రేరకం వాడతారు. మామూలుగా అది సన్న రంధ్రాలున్న గుళికల రూపంలో ఉంటుంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ప్లాస్టిక్ తెగేటప్పుడు మసి పుడుతుంది. ఆ మసి రంధ్రాల్లో చేరి వాటిని మూసేస్తుంది. కొద్ది రోజులకే గుళికలు పనికిరాకుండా పోతాయి. అందుకని కొందరు ఘన పదార్థానికి బదులు కరిగిన లోహాన్నే ఉత్ప్రేరకంగా వాడి చూస్తున్నారు. ద్రవానికి రంధ్రాలు ఉండవు కాబట్టి మూసుకుపోవడం ఉండదు. మసి తేలిక కనుక పైకి తేలుతుంది. అడుగున లోహం శుభ్రంగానే ఉంటుంది.

నేను ఇది చదివి ఇష్టపడ్డాను. మొదట గాలియం అనే లోహం చిన్న సీసాలో తెప్పించాను. మా దగ్గర మే నెలలో అది బీరువాలో ఉండగానే కరిగిపోతుంది. పిల్లలకు చూపించడానికి బాగుండేది, కానీ కుండెడు కొనే స్తోమత మాకు లేదు. అందుకని తగరం తీసుకొని, అందులో కొంచెం నికెల్ కలపాలని ప్రతిపాదన రాశాను. చిన్న గ్రాంటు వచ్చింది. ల్యాబ్ వెనక రేకుల షెడ్డు కాలేజీ వాళ్లు ఇచ్చారు. తగరం కోసం కోరుట్లలో పాత గిన్నెల దుకాణానికి వెళ్తే, ముసలాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఇప్పుడు కళాయి ఎవలు పోయించుకుంటున్నరు మేడం? అన్ని స్టీలే అయె. ఇంత తగరం ఏం జేస్తరు?"

"పాల కవర్లు కరిగిస్తా."

"కరిగించి?"

"నూనె తీస్తా."

ఆయన కొడుకు వైపు తిరిగి, "నువ్వు చదువుకోలేదని బాధపడకు," అన్నాడు.

మొదటి నాలుగు రోజులు నూనె బాగానే వచ్చింది. తర్వాత తగ్గింది. రెండు వారాలకు దాదాపు ఆగిపోయింది. నికెల్ చాలలేదేమో అనుకున్నాను. వేడి పెంచాను, తగ్గించాను, గాలి చేరకుండా కుండలోకి పంపే నైట్రోజన్ ప్రవాహం మార్చాను. చల్లారాక మూత తీస్తే గడ్డకట్టిన తగరం మీద బూడిద రంగు పెచ్చు ఉండేది. దాన్ని ఉలితో గీకి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఇలా రెండు నెలలు గడిచాయి.

ఒకరోజు మధ్యాహ్నం బావ తన బిడ్డ ఇంట్లో మరిచిపోయిన రికార్డు పుస్తకం ఇవ్వడానికి వచ్చి, నన్ను వెతుక్కుంటూ షెడ్డులోకి వచ్చాడు.

"ఏం మరదలా, మొకం గట్ల పెట్టినవ్? కూర మాడిందా?"

"మాడింది బావా. రెండు నెలల సంది మాడుతనే ఉన్నది."

కుండలోకి వంగి చూశాడు. గోటితో పెచ్చును తట్టాడు. ఆయన ముఖం నాకు తెలియని విధంగా మారింది. పేపరు చదివే మనిషి ముఖం కాదది.

"గిది గడ్డకట్టినంక తీస్తున్నవా?"

"అవును. చల్లారినంక గీకుతున్న."

"చల్లారినంక గీకితె మీగడతోని పాలు గూడ పోతయి. లోహం నీళ్ల లెక్క ఉన్నప్పుడే తీయాలె." ఇంకా వంగి చూశాడు. "నువ్వు కవర్లు పైనుంచి ఏస్తున్నవు గదా?"

"పైనుంచే."

"అవి మీగడ మీద కూసుంటున్నయి. కింద లోహం ఉన్నదని వాటికి ఎర్క లేదు, పైన కవర్లు అచ్చినయని లోహానికి ఎర్క లేదు. నడుమ నువ్వు గ్యాసు కాలుస్తున్నవు."

నేను నవ్వాను. ఆయన వెళ్లిన తర్వాత నా ప్రతిపాదన తీసి చదివాను. మసి దానంతట అదే పైకి తేలుతుందని నేనే రాశాను. నేను చదివిన పరిశోధన పత్రాల్లోనూ అదే ఉంది. తేలినదాన్ని ఎవరు తీస్తారో ఎక్కడా లేదు. నాకూ ఆ ప్రశ్న రాలేదు.

రెండు రోజుల తర్వాత బావ కోరుట్ల నుంచి పొద్దున బస్సుకు వచ్చాడు. సంచిలో రెండు వస్తువులు ఉన్నాయి. వెల్డింగు దుకాణంలో తనే పక్కన నిలబడి చేయించినవి. ఒకటి పొడవాటి పిడి ఉన్న గరిట. దాని అంచు ఒక పక్కకు వంచి ఉంది, సన్నని రంధ్రాలు ఉన్నాయి. రెండోది చిల్లుల డబ్బా, కడ్డీకి బిగించి ఉంది. ప్లాస్టిక్‌ను ఆ డబ్బాలో పెట్టి, మూతలోంచి కడ్డీని కిందికి నొక్కి, లోహం అడుగున ముంచి పట్టుకోవాలి. సంచి అడుగు నుంచి తోలు ఆప్రాన్ ఒకటి తీసి కట్టుకున్నాడు. అది ఆయన పెట్టెలో ఉందని అక్కకు కూడా తెలియదు.

పని ఇలా సాగేది. ప్లాస్టిక్ అంతా అయిపోయాక మంట తగ్గించి, తగరం ఇక గడ్డకట్టబోతుందనగా మూత తీయాలి. గరిటను ఒక అంచున ఆనించి, మీగడను మెల్లగా ఒక పక్కకు తేవాలి. నేను ప్రయత్నిస్తే గరిట నిండా లోహమే వచ్చింది.

"గీకకు. జరుపు."

"జరుపుతున్న గదా."

"నువ్వు పరీక్ష పేపర్లు దిద్దినట్టు జరుపుతున్నవు. మెల్లగ. అది అస్తది. దాన్ని రానీయ్."

ఆయన చేతిలో అది వచ్చేది. కింద తగరం అద్దంలా కనబడేది. జింకు కొలిమిని ఆయన హౌజు అనేవాడు. ఆ హౌజు ఒక గది అంత పొడవు ఉండేదట. మీగడ తీయడానికి ఇద్దరు మనుషులు చెరో పక్క నిలబడేవాళ్లట. ఇనుము ముంచే క్షణానికి ముందు తీయాలి, పైకి లాగే క్షణానికి ముందు మళ్లీ తీయాలి. పద్దెనిమిదేళ్లు ఆయన చేసిన పని అదే.

ఆ వారం నూనె మళ్లీ వచ్చింది. తర్వాతి వారం కూడా వచ్చింది. రిజిస్టర్‌లో అంకెలు ఇక పడిపోలేదు. బావ వారానికి నాలుగు రోజులు వచ్చేవాడు. బస్సు చార్జీ కూడా తీసుకునేవాడు కాదు. ఒకరోజు అక్క పెట్టిన సద్ది తింటూ అడిగాడు.

"మరదలా, నువ్వు దీని గురించి హైదరాబాదుకు కాయితం పంపుతవు గదా."

"పంపాలె. రిపోర్టు."

"అండ్ల నా పేరు ఒక్క తాన ఎక్కుతదా?"

నేను ఆయన గ్లాసులో నీళ్లు పోశాను. ఆయనే మళ్లీ అన్నాడు.

"నాకు కాదు. బిడ్డ కోసం. దాని దోస్తులు మీ బాపు దుబాయిల ఏం జేసిండని అడిగితె, తెల్వదన్నదట. తెల్వకనే అన్నది, తప్పు గాదు. నేను ఎన్నడన్న చెప్తె గదా. నువ్వు రాసిన కాయితం అయితె అది నమ్ముతది."

"ఎక్కుతది బావా. ఎందుకు ఎక్కది?"

ఆయన చేయి కడుక్కుని లేచాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను మాట ఇచ్చానని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

పాల కవర్లు అయ్యాక సిరిసిల్ల దారం మీద చూడాలనుకున్నాం. సిరిసిల్లలో సాంచలు అనే మరమగ్గాల మీద నేసేది ఎక్కువగా పాలిస్టర్. కండెల మీద మిగిలిన దారం, తెగిన పోగులు బస్తాల కొద్దీ పడి ఉంటాయి. ఇద్దరం వేములవాడ మీదుగా బస్సులో వెళ్లాం. సాంచల షెడ్డు యజమాని, అక్కడ ఆసామి అంటారు, చప్పుడుకు మించి అరుస్తూ మాట్లాడాడు.

"కొంటరా దీన్ని? కొనుడేంది, ఎత్తుకపోతె నేనే దండం పెడ్త."

బావ బస్తాలో చేయి పెట్టి, పిడికెడు దారం తీసి, చెంపకు ఆనించుకున్నాడు.

"తడి ఉన్నది," అన్నాడు.

"వాన కొట్టింది గదా అన్నా. దారానికి వాన కొడ్తె ఏమైతది?"

"దారానికి ఏం గాదు. మాకైతది. తడిది ముంచితె లోహం ఉమ్ముతది."

ఆసామి ఆయన చేతుల మీది పాత మచ్చలు చూసి, లోపలి గది నుంచి పొడి బస్తా ఒకటి ఇప్పించాడు. అయినా బావ ఒప్పుకోలేదు. కోరుట్లలో డాబా మీద దారమంతా రెండు రోజులు ఎండబెట్టాడు. అక్క కింద చాట పట్టుకొని బీడీలు చుడుతూ ఉంటే గాలికి పోగులు వచ్చి ఆకులో పడ్డాయి.

"ఇల్లు ఇల్లంత సిరిసిల్ల జేసిన్రు," అంది అక్క. "రేపు బీడీ తాగినోనికి చీర వాసన అస్తది."

పాలిస్టర్ సంగతి పాల కవర్ల మాదిరి కాదు. వేడికి అందులోంచి తెల్లటి పొడి ఆవిరై పైకి లేచి, బయటికి పోయే గొట్టంలో చల్లబడి పేరుకుంటుంది. నేను అంకెలు రాసుకుంటున్నాను. బావ తల ఎత్తాడు. గ్యాసు బయటికి పోయే నీళ్ల సీసాలో బుడగల చప్పుడు తగ్గింది అని, నేను వినేలోపే మంట ఆపేశాడు. తర్వాత విప్పి చూస్తే గొట్టం మూడు వంతులు మూసుకుపోయి ఉంది; పూర్తిగా మూసుకుపోతే కుండ పేలేది. ఆరోజు రిజిస్టర్‌లో నేను "ప్రయోగం నిలిపివేయబడింది" అని రాశాను. అప్పటికి ఆ మాట నాకు తప్పుగా కనిపించలేదు.

తర్వాత హైదరాబాదు నుంచి గ్రాంటు పరిశీలనకు ముగ్గురు వచ్చారు. కొలిమి వెలిగించి చూపించాలన్నారు. వాళ్లు చాయ్ తాగుతూ నిలబడితే, బావ ఆప్రాన్ కట్టుకొని మీగడ తీస్తున్నాడు. వాళ్లలో పెద్దాయన దగ్గరికి వచ్చి ఆసక్తిగా చూశాడు.

"ఇది ఎందుకు తీస్తున్నారు?" అని ఆయన అడిగింది నన్ను. జవాబు చెప్పింది బావ.

"మీగడ సార్. ఉంటె కింద లోహం పని చెయ్యది."

"మీగడా?" ఆయన మిగతా ఇద్దరి వైపు చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ఆ మాట వాళ్లకు ముచ్చటగా అనిపించి ఉంటుంది. నేను కూడా నవ్వాను. నా నవ్వు మాత్రం చెడ్డదే.

"వీరెవరు మేడం?"

ఇక్కడ నేను ఒక కారణం చెప్పుకోవచ్చు, అప్పట్లో చెప్పుకున్నాను కూడా. అర్హత పత్రాలు లేని బయటి మనిషి కొలిమి దగ్గర ఉన్నాడని తెలిస్తే గ్రాంటు ఆపేస్తారేమో అని. అది అబద్ధం కాదు. కానీ ఆ క్షణంలో నా నోట మాట రప్పించింది ఆ భయం ఒక్కటే కాదు. ఆ మీగడ అనే మాట నా చుట్టం నోటి నుంచి వచ్చిందని వాళ్లకు తెలియకూడదని నాకు ఉంది.

"మా అటెండర్ సార్," అన్నాను.

బావ గరిట పక్కన పెట్టాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ముగ్గురి చేతుల్లోంచి ఖాళీ గ్లాసులు అందుకున్నాడు.

"ఇంకో చాయ్ తెమ్మంటరా సార్?"

"వద్దు, వద్దు."

ఆయన గ్లాసులు తీసుకొని బయటికి వెళ్లాడు. అప్పుడే పదకొండు గంటల ఐదు నిమిషాలైంది. నా అబద్ధం నిలబడటానికి ఆయన సాయం చేశాడు. మిగిలిన మీగడ ఎవరూ తీయలేదు.

నిజమైన అటెండర్ గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నాడు. వాళ్లు వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి, "మేడం, నాకు తోడు ఇంకొకన్ని తెచ్చిన్రా? మంచిగైంది, రేపటి సంది బెల్లు ఆయననే కొట్టుమనుండ్రి," అన్నాడు. పరాచికానికే అన్నాడు. అతనికి బావ ఎవరో తెలుసు.

సాయంత్రం బస్టాండుకు బావతో పాటు నడిచాను. ఏదో ఒకటి చెప్పాలని ఉంది. ఆయనే ముందు మాట్లాడాడు.

"పైసలు ఆపరు గదా?"

"ఆపరు."

"మంచిది. దారం ఇంకో బస్తా ఉన్నది, ఎండబెట్టాలె." కోరుట్ల బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చొని చేయి ఊపాడు.

రిపోర్టు ఇంగ్లీషులో రాశాను. అందులో మనుషులు ఎవరూ ఉండరు. ఆ భాష మాకు నేర్పింది అట్లాగే. తగరం వేడి చేయబడుతుంది, ప్లాస్టిక్ ముంచబడుతుంది. అయినా చివర కృతజ్ఞతలకు ఒక పేజీ ఉంటుంది. అక్కడ ప్రిన్సిపాల్‌కు, గ్రాంటు ఇచ్చిన వాళ్లకు, గ్యాసు సిలిండరు సమయానికి ఇప్పించిన వాళ్లకు కృతజ్ఞత చెప్పాను. బావ పేరు రాసి, కొట్టేశాను. అటెండర్ అని చెప్పిన మనిషి పేరు ఏ హోదాతో రాయాలో తెలియలేదు. పరిశోధన పత్రికకు వ్యాసం పంపేటప్పుడు రాద్దామనుకున్నాను.

కాలేజీ సైన్స్ దినానికి ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో మా పని గురించి తెలుగులో రెండు పేజీలు నేనే రాసిచ్చాను. ఒక ఆదివారం కోరుట్ల వెళ్లేసరికి ఆ పుస్తకం అక్క ఇంట్లో ఉంది. బావ బిడ్డతో చదివిస్తున్నాడు. ఆ పిల్ల గట్టిగా, పరీక్షలో చదివినట్టు చదువుతోంది.

"ప్రతి ప్రయోగం అనంతరం, లోహం ద్రవ స్థితిలో ఉండగానే పై పొర తొలగించబడింది. దీనివలన ఉత్ప్రేరకం సామర్థ్యం నిలుపబడింది."

"ఆగు. మళ్ల సదువు."

మళ్లీ చదివింది.

"తొలగించబడింది అంటె?"

"తీసేసిన్రు అని బాపూ."

"ఎవలు తీసిన్రు?"

ఆ పిల్ల పేజీలోకి చూసింది. పైకి కిందికి వెతికింది. నా వైపు చూసింది. "రాయలేదు," అంది.

"సైన్స్‌ల గట్లనే రాస్తరు బావా," అన్నాను. "నేను తీసిన అని గూడ రాయం."

"అట్లనా?" ఆయన తల ఊపాడు. "మా కంపెనీల గూడ గట్లనే. ముంచిన ప్రతి ఇనుము మీద ముద్ర కొట్టేటోళ్లు, జింకు పూయబడింది అని. నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఆ ముద్ర మీదనే." బిడ్డ వైపు తిరిగి, "పైన ఎవలి పేరున్నది?" అని అడిగాడు.

"చిన్నమ్మది."

"మంచిగున్నది. దాసిపెట్టు."

అక్క బీడీలు కట్ట కడుతూ ఒక్క మాట అంది. "బడింది, బడింది అనుకుంట, మనిషి ఎక్కడ వడ్డడో." బావ ఆమెను కసిరాడు. నేను అన్నం తిని వచ్చేశాను.

తెలుగులో ఎవరూ అలా మాట్లాడరు. కూర వండబడింది అని ఏ ఇంట్లోనూ అనరు. నేను తెలుగు పుస్తకాలు బాగా చదివిన మనిషిని. ఆ వాక్యం చెవికి తగలవలసింది. తగిలింది కూడా. రాసేటప్పుడు రెండుసార్లు చదువుకొని, అలాగే ఉంచాను. అలా రాస్తే ఎవరూ అడగరు అనుకున్నాను. అడిగే మనిషి ఒకడు ఉన్నాడని మరిచిపోయాను.

ఆ తర్వాత కూడా ఆయన షెడ్డుకు వచ్చాడు. కోపం ఉంటే ఎందుకు వస్తాడు అని నాకు నేను చెప్పుకున్నాను. వానలు తగ్గాక దగ్గు ఎక్కువైంది. వారానికి నాలుగు రోజులు రెండయ్యాయి, తర్వాత ఒకటయింది. వచ్చినప్పుడు కుర్చీలో కూర్చొని నాతో మీగడ తీయించేవాడు. వ్యాసం పని నేను ముందుకు జరపలేదు. ఇంకో పది ప్రయోగాలు అయ్యాక, పాలిస్టర్ ఫలితాలు సరిచూశాక, సెలవుల్లో, అని వాయిదా వేశాను. కరీంనగర్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు చూడటానికి వెళ్లాను. రెండోసారి ఆయన నా చేతి మీద చిన్న కాలిన మచ్చ చూసి, "గీకినవా?" అన్నాడు. అవునన్నాను. నవ్వబోతే దగ్గు వచ్చింది. పేరు గురించి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. మూడు రోజులకు పోయాడు.

పదకొండో రోజు దినం వాళ్ల ఊళ్లో చేశారు. టెంటు కింద మగవాళ్లు కూర్చొని ఆయన గురించి మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్ల వెనకే నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి ఉన్నాను. ఒక పెద్దాయన అన్నాడు.

"దుబాయిల అన్నేండ్లు కష్టపడె. అచ్చినంక గూడ కూసోలే. జగిత్యాల కాలేజీల అటెండర్ చేసిండట పాపం."

"మరదలు పెట్టిచ్చిందట," అన్నాడు పక్కనున్న ఆయన. "మంచి పని చేసింది. ఈ రోజుల్ల ఎవలు సూస్తరు?"

నేను చెప్పిన మాట ఏ బస్సులో, ఎవరి నోట వచ్చిందో, నాకంటే ముందు ఆ ఊరికి చేరింది. వాళ్ల ముందుకు వెళ్లాను.

"అటెండర్ కాదు," అన్నాను. "మా ప్రయోగం ఆయన వల్లనే నడిచింది. నాకు తెల్వనిది ఆయన చెప్పిండు. అటెండర్ అని నేనే అబద్ధం చెప్పిన."

వాళ్లు ఇబ్బందిగా చూశారు. దుఃఖంలో ఉన్న ఆడమనిషి ఏదో అంటోందనుకున్నారు.

"కూసో బిడ్డా," అన్నాడు పెద్దాయన. "అటెండర్ అయితె మాత్రం తక్కువా? నౌకరి నౌకరే." మంచినీళ్లు ఇప్పించాడు. పక్కాయన మాట మార్చి, మక్క చేను గురించి అడిగాడు.

ఆయన బిడ్డ విస్తర్లు పట్టుకొని వెళ్తూ ఆగి, నేను అన్నదంతా విన్నది. మధ్యాహ్నం నేను బయలుదేరుతుంటే బస్సు దాకా వచ్చింది.

"చిన్నమ్మా, ఆ రోజు పుస్తకం సదివినంక బాపు నన్ను అడిగిండు," అంది. "చిన్నమ్మకు నేను ఏమన్న తప్పు చెప్పిన్నా, అందుకే రాయలేదా, అని."

"నువ్వేమన్నవ్?"

"తెల్వదన్న."

జగిత్యాలకు వచ్చాక రిపోర్టును మళ్లీ టైపు చేయించాను. ఆయన పూర్తి పేరు, ఆయన చేసింది, ఆయన చెప్పింది, ఆయన వాడిన మాటతో సహా రాసి, నేను అటెండర్ అని చెప్పడం అబద్ధమని జత చేసి, ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకెళ్లాను. పైకి పంపాలంటే ఆయన సంతకం కావాలి. ఆయన ఓపికగా చదివాడు.

"ఆ ఫైలు మూసేశారు కదా మేడం. ఇప్పుడు పంపినా ఎవరూ తెరవరు." కళ్లద్దాలు తీశాడు. "ఇదంతా ఆ రోజే చెప్పాల్సింది. స్థానిక నిపుణుడు అని రాసుకోవడానికి ఫారంలోనే ఒక గడి ఉంది. వాళ్లకు అలాంటివి ఇష్టం కూడా. మీరు చూడలేదా?"

చూడలేదన్నాను. గదికి వెళ్లి పాత ఫారం తీశాను. నాలుగో పేజీలో ఆ గడి ఉంది. నా చేత్తోనే అందులో అడ్డగీత కొట్టి ఉంది.

సంతకం ప్రిన్సిపాల్ పెట్టాడు. నేను పంపాను. జవాబు రాలేదు. ఒక కాపీ కోరుట్ల తీసుకెళ్లి అక్కకు ఇచ్చాను. ఇంగ్లీషులో ఉంది కదా, ఇందులో ఆయన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. అక్షరాల వైపు చూసి, కాగితాలు నా చేతికే ఇచ్చింది.

"ఇప్పుడు నీ దగ్గరనే ఉండనీయ్," అంది.

మరుసటి ఏడు సైన్స్ దినానికి కొలిమి నడిపి చూపించమని కాలేజీ వాళ్లు అడిగారు. మీగడ తీయవలసిన మనిషి లేడని చెప్పాను. నేర్చుకొని ఇంకొకరు తీయవచ్చు కదా అన్నారు. తీయవచ్చు. ఆయన పోయాక నేనే రెండుసార్లు ప్రయత్నించాను. వచ్చిందానిలో సగం లోహమే. ఇప్పుడు తగరం కుండలోనే గడ్డకట్టి ఉంది. మూత బిగించి ఉంది. మా షెడ్డులో కొలిమి వెలిగించడం లేదు.